రిపోర్ట్ నొక్కితే ఫిర్యాదు చేసినట్టు కాదు: ఆశ్రయం పొందిన వారిని ఆన్‌లైన్‌లో వేధిస్తుంటే ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

మా కొట్టు శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లోనే ఉంది. జిరాక్సులు, ప్రింట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు మా పని. చలికాలం వస్తే ఇంకో రకం పని కూడా తగులుతోంది. రోడ్డు పక్క టిబెటన్లు వేసుకునే స్వెటర్ల డేరాలను ఎవడో ఫొటో తీసి, "రోహింగ్యాలు దిగారు, పిల్లలు జాగ్రత్త" అని వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు (రోహింగ్యాలంటే మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు). సాయంత్రానికి అది విజయనగరం గంటస్తంభం దాకా పాకిపోతుంది. డేరాలో ఉండే టిబెట్ ఆవిడ ఫోన్ పట్టుకుని మా కౌంటర్ దగ్గరికొచ్చి, "బాబూ, ఫొటోలో నేనే ఉన్నాను. ఏటి రాసినారు?" అని అడుగుతుంది. చదివి చెప్పడానికి నోరు రాదు.

ఆవిడ తరఫున వచ్చే కుర్రాళ్లు మాత్రం ఒకే మాట అంటారు: "రిపోర్ట్ కొట్టేశామండీ, ఏమీ అవలేదు." యాప్‌లో రిపోర్ట్ బటన్ నొక్కడం వేరు, తేదీ వేసి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టడం వేరు. మొదటిదానికి యంత్రం జవాబిస్తుంది. రెండోదానికి కంపెనీ జవాబు చెప్పుకోవాలి. ఈ తేడా తెలియకే సగం ఫిర్యాదులు దారిలో ఆగిపోతున్నాయి.

కింద రాసిన పద్ధతి టిబెటన్లకే కాదు. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడిశా, బీహార్ కుర్రాళ్ల మీద "దొంగలు" అని వీడియో పెట్టినా వరస ఇదే.

1. ముందు మనిషి క్షేమం, తర్వాతే ఫోన్

పోస్టులో డేరా ఎక్కడుందో కనబడుతోందా? కొట్టండి, తగలబెట్టండి లాంటి మాటలున్నాయా? ఉంటే స్క్రీన్‌షాట్లు తీస్తూ కూర్చోవద్దు. 112కి ఫోన్ చేసి, చోటు చెప్పి, "వాట్సాప్‌లో పుకారు తిరుగుతోంది, జనం పోగయ్యేలా ఉన్నారు" అని రెండు ముక్కల్లో చెప్పండి. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందంటూ మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పుకార్లు తిరిగి, ఏమీ తెలియని వాళ్లు దెబ్బలు తిన్నారు. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడలో ఇలాంటి పుకారుకే అయిదుగురు చనిపోయారు.

ఆ గంటలో చేయాల్సినవి:

☐ 112కి ఫోన్
☐ డేరా ఉన్న స్థలం యజమానికి, పక్క కొట్టువాళ్లకు కబురు
☐ ఆ రాత్రి పిల్లల్ని, ఆడవాళ్లను డేరాలో ఒంటరిగా ఉంచకపోవడం
☐ ఫిర్యాదు పెట్టడం వాళ్లకు ఇష్టమేనా అని అడగడం

చివరిది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఆవిడ వద్దంటే మనం ఆవిడ పేరుతో ఏమీ పెట్టకూడదు. కేసంటే స్టేషన్ చుట్టూ తిరగాలి, పేపర్లు అడుగుతారు, ఏటా పెట్టుకునే చోటు పోతుంది అన్న భయం వాళ్లకుంటుంది. ఆ భయం ఉత్తదేమీ కాదు.

2. వాళ్ల పేపర్లు గ్రూపులో పెట్టకండి

మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ పని ఇది. "వీళ్లు రోహింగ్యాలు కాదు, ఇదిగో ప్రూఫ్" అంటూ వాళ్ల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫొటో తీసి అదే గ్రూపులో పెడతారు. దాంతో పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ వేధించేవాడి చేతిలోకే వెళ్తాయి. పైగా "రోహింగ్యా అయితే కొట్టొచ్చు" అని మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణార్థుల కోసం మనకు విడిగా చట్టం కూడా లేదు. అందుకే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రకం కాగితం ఉంటుంది. ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర స్థిరపడ్డ టిబెటన్లకు ప్రభుత్వం ఇచ్చే ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) ఉంటుంది. మనవాళ్లు ఆదివారాలు జిరంగ్ మఠం చూడ్డానికి వెళ్లేది ఆ ఊళ్ల వైపే. మరికొన్ని దేశాల వాళ్లకు ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కార్డు ఉంటుంది.

వేధింపు మీద ఫిర్యాదుకు ఇవేవీ అడ్డు కాదు. రాజ్యాంగం 14, 21 అధికరణాలు "పౌరుడు" అనవు, "వ్యక్తి" అంటాయి. అరుణాచల్ ప్రదేశ్‌లో శరణార్థులుగా వచ్చి స్థిరపడ్డ చక్మా తెగవాళ్లను వెళ్లిపొమ్మని బెదిరించిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇదే చెప్పింది: పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్ని రాష్ట్రం కాపాడాలి. స్టేషన్‌లో పేపర్లు అడిగితే చూపించండి. అది పోలీసుకు చూపించేది, ఊరికి కాదు.

3. ఆధారాలు: పోస్టు పోకముందే పట్టుకోండి

ఇక్కడ తొందరపడితే వెనక్కి రాలేం. వాట్సాప్‌లో పంపినవాడు దాదాపు రెండున్నర రోజుల దాకా "అందరికీ డిలీట్" చేయగలడు. అడ్మిన్ కూడా తీసేయగలడు. గ్రూపులో డిసప్పియరింగ్ మెసేజ్‌లు ఆన్‌లో ఉంటే 24 గంటల్లోనే మాయమయ్యే అవకాశం ఉంది. కాబట్టి గ్రూపులో గొడవ పెట్టుకునే ముందే ఇవి పూర్తి చేయాలి.

వాట్సాప్ అయితే:

☐ మెసేజ్, పంపినవాడి నంబరు, తేదీ, టైము ఒకే స్క్రీన్‌షాట్‌లో రావాలి. మీ ఫోన్‌లో అతని పేరు సేవ్ అయి ఉంటే నంబరు కనబడదు, ప్రొఫైల్ తెరిచి ఇంకో స్క్రీన్‌షాట్ తీయండి.
☐ మెసేజ్ మీద "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అని రెండు బాణాల గుర్తు ఉందా? అది కూడా పడాలి.
☐ గ్రూప్ పేరు, అడ్మిన్ల జాబితా.
☐ ఎక్స్‌పోర్ట్ చాట్ చేసి, మీ మెయిల్‌కే పంపుకోండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, యూట్యూబ్ అయితే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, లింకు కావాలి. పోస్టు లింకు, ఖాతా లింకు, కామెంట్ మీద కేసయితే కామెంట్ లింకు కూడా కాపీ చేసుకోండి. పేరు రాత్రికి రాత్రి మార్చేస్తారు. "శ్రీకాకుళం అప్‌డేట్స్" అన్న పేజీ తెల్లారేసరికి సినిమా హీరో ఫ్యాన్స్ పేజీ అయిపోయిన వింత కూడా చూశాను. ఖాతా ముందు పేజీ నుంచి పోస్టు దాకా వేలితో తోసుకుంటూ వెళ్లి ఒక స్క్రీన్ రికార్డింగ్ తీస్తే ఇంకా గట్టిగా ఉంటుంది.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద పట్టీ రాయండి: వరస సంఖ్య, తేదీ, టైము, ఏ యాప్, ఎవరు, ఏమన్నారు, లింకు. మేము దీన్ని "చిట్టా" అంటాం. స్టేషన్ రైటర్ ముందుగా చూసేది మీ నలభై స్క్రీన్‌షాట్లను కాదు, ఈ ఒక్క పేజీని.

ఇంకో మాట. స్క్రీన్‌షాట్ మీద ఎర్ర గీతలు, బాణాలు వేయకండి, క్రాప్ చేయకండి. అలా కావాలంటే కాపీ తీసుకుని దాని మీద వేయండి. ఆ ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ జత చేయాలి. ఒక భాగం ఫోన్ ఎవరిదో వాళ్లు, రెండో భాగం నిపుణుడు నింపాలి. పాత 65బీ సర్టిఫికెట్ స్థానంలో వచ్చింది ఇది. అది లాయరు చూసుకుంటాడు, కానీ అసలు ఫోనే లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

4. యాప్‌లో రిపోర్ట్: ఏ గడి నొక్కుతున్నారో చూసుకోండి

జనం అలవాటుగా "ఫేక్ న్యూస్" గడి నొక్కుతారు. బెదిరింపు ఉంటే ముందు "హింస, బెదిరింపు" గడే నొక్కండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా నిబంధనల్లో శరణార్థులకు, వలస వచ్చినవారికి, ఆశ్రయం కోరేవారికి తీవ్రమైన దాడుల నుంచి రక్షణ ఉంది. అయితే వలస విధానాన్ని విమర్శించడాన్ని అనుమతిస్తారు, 2025 జనవరిలో ఆ నిబంధనల్ని ఇంకొంచెం వదులు కూడా చేశారు. అందుకే ద్వేషం గడిలో తిరగ్గొట్టిన పోస్టు బెదిరింపు గడిలో నిలబడొచ్చు.

వాట్సాప్ లెక్క వేరు. మెసేజ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి కంపెనీకి కనబడవు. మీరు రిపోర్ట్ చేస్తే ఆ నంబరు నుంచో గ్రూపు నుంచో మీకు వచ్చిన చివరి అయిదు మెసేజ్‌ల వరకు కంపెనీకి వెళ్తాయి. కాబట్టి గలీజు మెసేజ్ మీద "గుడ్ మార్నింగ్" పూలు పది పడకముందే, ఆ మెసేజ్‌నే నొక్కి పట్టి రిపోర్ట్ చేయాలి. ఎవరు చేశారో అవతలివాడికి తెలియదు. రిపోర్ట్‌తో పాటు బ్లాక్ చేయమని గడి వస్తుంది, ఆధారాలు తీసుకోకుండా అది నొక్కకండి.

5. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయడం: అసలు పని ఇదే

2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం సోషల్ మీడియా కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌ను, అంటే ఫిర్యాదులు చూసే అధికారిని, పెట్టాలి. 50 లక్షల కంటే ఎక్కువ యూజర్లున్న కంపెనీ అయితే ఆయన ఇండియాలో ఉండేవాడై ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో రసీదు ఇవ్వాలి. పరిష్కారానికి మొదట్లో 15 రోజుల గడువు పెట్టారు, ఆ తర్వాత సవరణల్లో కుదిస్తూ వచ్చారు. మార్ఫింగ్ ఫొటోలు, నగ్న చిత్రాలు, వేరొకరి పేరుతో ఖాతాల విషయంలో గడువు గంటల్లోనే ఉంటుంది. వీటికి బాధితుల తరఫున వేరేవాళ్లు కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.

నిబంధనలో "యూజర్ లేదా బాధితుడు" అని ఉంది. అంటే ఫేస్‌బుక్ ఖాతా లేని స్వెటర్ల ఆవిడ కూడా ఫేస్‌బుక్ మీద ఫిర్యాదు చేయవచ్చు. ఇది తెలియక "మీకు ఐడీ లేదు కదమ్మా" అని నేనే ఒకావిణ్ణి వెనక్కి పంపాను మొదట్లో. ఆ తప్పు మీరు చేయకండి.

చిరునామా ఎక్కడ? యాప్ సహాయ విభాగంలో "గ్రీవెన్స్ ఆఫీసర్ ఇండియా" అని వెతికితే ఫారమ్ గానీ మెయిల్ గానీ దొరుకుతుంది.

ఇప్పుడు ఏం రాయాలో చూద్దాం. ఓసారి ఒక పోస్టు కింద ఈ కామెంట్ పడింది: "రాత్రి పది దాటినాక ఆ డేరాల కాడ ఒక్క అగ్గిపుల్ల సాలు." ముగ్గురు రిపోర్ట్ కొట్టారు. ముగ్గురికీ "మా నిబంధనలను ఉల్లంఘించలేదు" అనే జవాబొచ్చింది. మాటకు మాట ఇంగ్లీషు చేసి చూస్తే అందులో అగ్గిపుల్ల తప్ప ఏముంది? మనకు చదవగానే ఒళ్లు జలదరిస్తుంది. అందుకని యాసను విప్పి చెప్పాలి. ఆవిడ పేరుతో మేము పంపిన ఫిర్యాదు ఇంచుమించు ఇలా ఉంది:

"ఈ లింకులోని పోస్టులో శ్రీకాకుళంలో స్వెటర్లు అమ్ముకునే కుటుంబాల ఫొటో, వాళ్లుండే చోటు ఉన్నాయి. ఫొటోలో ఉన్నది నేనే. వాళ్ల అనుమతి, నా అనుమతి లేకుండా పెట్టారు. కింద రెండో లింకులో ఉన్న కామెంట్‌కు అర్థం: రాత్రి అందరూ పడుకున్నాక డేరాలకు నిప్పు పెట్టండి. 'ఒక్క అగ్గిపుల్ల సాలు' అంటే మా ప్రాంతంలో తగలబెట్టడం సులువు అని. డేరాలు గుడ్డవి, లోపల పిల్లలు పడుకుంటారు. ఇది ఐటీ నిబంధనలు 2021, 3(1)(బి)కి విరుద్ధం. పోస్టు, కామెంట్ తొలగించి, ఖాతా వివరాలు భద్రపరచి, తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలపండి."

నాలుగో రోజున పోస్టూ, కామెంటూ రెండూ పోయాయి. ఫిర్యాదును తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి పంపాం. తెలుగు ఒక్కటే పంపితే ఏమయ్యేదో ఊహించుకోండి. ఇన్ని కోట్ల మంది తెలుగువాళ్ల మీద వ్యాపారం చేసే కంపెనీకి "అగ్గిపుల్ల" అంటే ఏమిటో ఒక జిరాక్సు కొట్టువాడు రాసి పంపాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పంపే ముందు సరిచూసుకోండి:

☐ ఒక్కో లింకు విడిగా ఉందా ("ఈ పేజీ మొత్తం చెడ్డది" అంటే పని జరగదు)
☐ యాస మాటకు మామూలు అర్థం రాశారా
☐ ఏం చేయమంటున్నారో స్పష్టంగా ఉందా
☐ పంపిన తేదీ, టికెట్ నంబరు చిట్టాలో ఎక్కిందా

వాట్సాప్‌కు రాసేటప్పుడు "ఆ మెసేజ్ తీసేయండి" అని అడిగి లాభం లేదు, జనాల ఫోన్లలోంచి వాళ్లు తీయలేరు. ఆ నంబరు మీద, ఆ గ్రూపు మీద చర్య అడగండి.

6. జవాబు నచ్చకపోతే అప్పీలు

చాలామంది ఇక్కడికి రారు. 2023లో కేంద్రం గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీలను పెట్టింది. గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు అందిన 30 రోజుల్లోపు జీఏసీ డాట్ గవ్ డాట్ ఇన్ లో అప్పీలు వేయాలి. గడువు దాటినా కంపెనీ పరిష్కరించకపోతే అదీ అప్పీలుకు కారణమే. అంతా ఆన్‌లైన్, ఢిల్లీ వెళ్లక్కర్లేదు. కావాల్సినవి మీరు పంపిన ఫిర్యాదు, టికెట్ నంబరు, వాళ్ల జవాబు. ఉత్త రిపోర్ట్ బటన్ నొక్కినవాళ్ల దగ్గర ఈ మూడూ ఉండవు.

అడిగిన ప్రతి పోస్టూ కంపెనీ తీసేయాల్సిందేనని చట్టం చెప్పదు. జనం పెట్టే పోస్టులకు కంపెనీని బాధ్యుణ్ణి చేయకుండా ఐటీ చట్టం సెక్షన్ 79 రక్షణ ఇస్తుంది. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఇచ్చిన శ్రేయా సింఘాల్ తీర్పు ప్రకారం కోర్టు ఆదేశమో ప్రభుత్వ నోటీసో వచ్చినా తీయకపోతేనే ఆ రక్షణ పోయే ప్రమాదం. మామూలు ఫిర్యాదుకు మాత్రం రసీదు, నిర్ణయం ఇచ్చి తీరాలి. మన పట్టు అక్కడే.

7. పోలీసు ఫిర్యాదు

కంపెనీ జవాబు కోసం ఆగి పోలీసు దగ్గరికి వెళ్లాలనేమీ లేదు. రెండూ పక్కపక్కనే నడపండి.

1930కి ఫోన్ చేసి తిట్లు తినొద్దు, అది ముఖ్యంగా డబ్బు మోసాల కోసం. వేధింపుకు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్ ఉంది, లేదా నేరుగా స్టేషన్. నేరం తమ పరిధిలో జరగకపోయినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

ఫిర్యాదులో రాయదగ్గ సెక్షన్లు, భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది):

☐ 196: మతం, జాతి, పుట్టిన చోటు, భాష పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం
☐ 353: పుకార్లతో అలజడి
☐ 351: బెదిరింపు
☐ ఆడవాళ్లను వెంటాడి వేధిస్తే 78, అసభ్యంగా మాట్లాడితే 79

ఐటీ చట్టం సెక్షన్ 66ఏ మాత్రం రాయకండి. 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది, ఇంకా దాన్ని పెట్టి టైపు చేయించుకునేవాళ్లు వస్తూనే ఉన్నారు. సెక్షన్లు తెలియకపోతే మానేయండి, జరిగింది జరిగినట్టు రాస్తే చాలు.

"ఫిర్యాదు ఎవరూ ఇవ్వలేదు కదా" అనే మాట వినబడితే ఒకటి గుర్తుచేయండి. విద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు లేకపోయినా కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. గొంతు పెంచకుండా చెప్పండి, పని అవుతుంది.

మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసే వీలుంది. ఎఫ్ఐఆర్ వెంటనే కాకపోతే టెన్షన్ పడకుండా, అదేనా అని అడగండి. అసలు తీసుకోకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపాలి. సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో చేతికివ్వవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు. లాయరు ఖర్చుకు భయపడితే 15100కి ఫోన్ చేయండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కలుపుతారు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత సాయం ఉంది.

పోలీసులను ఇంకొకటి కూడా అడగండి: ఆ ఖాతా వివరాలు భద్రపరచమని కంపెనీకి నోటీసు. తీసేసిన పోస్టు వివరాలను కంపెనీ 180 రోజులు దాచాలి. ఆ తర్వాత అడిగితే ఏమీ మిగలకపోవచ్చు.

8. మీరే గ్రూప్ అడ్మిన్ అయితే

అడ్మిన్ అయినంత మాత్రాన ఎవడో పెట్టిన మెసేజ్‌కు దోషి కాడని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి. దాన్ని పట్టుకుని చేతులు కట్టుకు కూర్చోకండి. స్క్రీన్‌షాట్ తీసి, మెసేజ్ డిలీట్ చేసి, కాసేపు అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ మార్చండి.

ఖండన రాసేటప్పుడు పాత ఫొటో మీద "ఫేక్" అని ముద్ర కొట్టి మళ్లీ పంపొద్దు. సగం మంది ముద్ర చూడరు, మొహాలు చూస్తారు. "కూడలి దగ్గర స్వెటర్ల డేరాల గురించి తిరుగుతున్న మెసేజ్ అబద్ధం. వాళ్లు ఏటా వచ్చేవాళ్లే. ఫార్వర్డ్ చేసినవాళ్లు డిలీట్ చేయండి" అని ఫొటో లేకుండా రాస్తే చాలు.

9. మా కౌంటర్ దగ్గర ఎక్కువగా కనబడే తప్పులు

పెట్టినవాడికి ఫోన్ చేసి తిట్టడం. వాడు రికార్డు చేసి, కేసు మన మీదకే తిప్పుతాడు.

అవతలివాడి ఇల్లు, నంబరు మనం బయటపెట్టడం. ఇదీ వేధింపే.

ఒకే ఫిర్యాదును యాభై మంది కాపీ కొట్టి పంపడం. యాభై చిన్న రిపోర్టుల కంటే యాసను విప్పి చెప్పిన ఒక్క ఫిర్యాదు పనిచేస్తుంది.

నగ్న లేదా మార్ఫింగ్ ఫొటోను "సాక్ష్యం" పేరుతో పదిమందికి పంపడం. అలాంటిది ఎవరికీ పంపకండి. స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్‌లో ఫొటో అప్‌లోడ్ చేయకుండానే, ఫోన్‌లోనే దాని డిజిటల్ గుర్తు తయారై కంపెనీలకు వెళ్తుంది.

10. వాళ్లు ఊరు మారేముందు

స్వెటర్ల వాళ్లు చలి తగ్గగానే డేరాలు విప్పేస్తారు. ఫిర్యాదు మాత్రం ఇక్కడే ఉంటుంది. వాళ్లు బస్సెక్కే ముందు ఇవి చూడండి:

☐ ఎఫ్ఐఆర్ కాపీ వాళ్ల చేతికి అందిందా (ఉచితంగా ఇవ్వాలి)
☐ స్టేషన్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు ఊరెళ్లినా పనిచేసేదేనా
☐ చంద్రగిరి చిరునామా కూడా ఫిర్యాదులో ఉందా
☐ 30 రోజుల అప్పీలు గడువు, 180 రోజుల గడువు ఏ తేదీకి పూర్తవుతాయో చిట్టా మీద పెద్ద అక్షరాలతో రాశారా
☐ చిట్టా రెండు కాపీలు: ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి ఇక్కడ ఫైలు నడిపే మనిషి దగ్గర

అగ్గిపుల్ల కామెంట్ ఫైలు మా కొట్టులో లామినేషన్ మిషన్ కింది అరలో ఉంది. ఈ ఏడాది దీపావళి అయ్యాక ఆవిడ మళ్లీ వచ్చి, డేరా వేసిన రోజునే కొట్టుకొచ్చి దాని గురించి అడిగింది. స్టేషన్ నుంచి వచ్చిన కాగితం చదివి వినిపించాను. ఇంకో జిరాక్సు తీయించుకుని, మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లింది.